గడియ

హామర్‌ఫెస్ట్‌లో నవంబరు చివర సూర్యుడు సెలవు పెడతాడు,
జనవరి దాకా రాడు.
ఆ చీకట్లో నా ఉద్యోగం:
జనం పన్నులతో నడిచే చానెల్‌లో
రాత్రి పదింటి నుంచి పొద్దు పొడవని పొద్దుటి దాకా
వీడియోల కింద వాలే మాటల్ని ఏరడం.
చేపలో ముళ్లు తీసినట్టు అనుకున్నాను మొదట్లో.
కొన్ని రాత్రులు ముళ్లలోనే చేపని వెతకాలి.

మంగళవారం ఇంగా మారెట్
వాళ్ల అమ్మమ్మ భాషలో, సామీలో, వాతావరణం చదివింది.
వాయవ్యం నుంచి గాలి, తీరం పొడవునా మంచు,
అంతే.
పది నిమిషాల్లో దాని కింద రెండు వందల నోళ్లు.
మా డబ్బుతో ఈ గొణుగుడేంటన్నాడొకడు.
ఒకడు ఆమె ముక్కు కొలిచాడు.
ఒకడు ఏమీ అనలేదు,
ఆమె ఉండే వీధి పేరొక్కటి రాసి వెళ్లిపోయాడు.
చెరిపాను.
ఇప్పటికీ ఆ వీధి దాటుతుంటే నా నడక వేగమవుతుంది.

అదే రాత్రి, ఇంకో వీడియో,
పాత డబ్బాల్లోంచి తీసి పెట్టిన నలభై సెకన్లు:
వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై ఒకటి, చేపల ఫ్యాక్టరీ,
శబ్దం లేదు. రబ్బరు ఏప్రాన్లు, ఆవిరి, కత్తులు.
మా రికార్డులో వాళ్లందరికీ కలిపి ఒకటే పేరు: కార్మికులు.
ఆల్ఫ్‌హిల్డ్ అట, ఎనభై మూడేళ్లట, ఇలా రాసింది:
"ఎడమ నుంచి మూడోది, తిరిగి నవ్వేది, నేనే.
పక్కన డాగ్నీ. ఆ ఏప్రిల్‌లోనే పోయింది.
దాని ఫొటో ఎవరి దగ్గరా లేదు.
ఇన్నేళ్లకి దాని మెడ వంపు మళ్లీ చూశాను."
కింద ఇంకొకరు: తోపుడుబండి దగ్గర మా తాత.
ఇంకొకరు: కాదు, అది వాళ్ల తమ్ముడు ఓడ్‌మున్,
తాతకి చెవి కాస్త చిట్లి ఉండేది.
డ్యూటీ దిగేసరికి
పదకొండు మంది కార్మికుల్లో
తొమ్మిది మందికి పేర్లొచ్చాయి.

నోరు మంచిదైతే ఊరు మంచిదే, సరే.
నోళ్లు కాయడానికి ఇక్కడ ఉన్నది ఇద్దరం,
అందులో ఒకరు పురిటి సెలవులో.

సోమవారం మీటింగు.
"హాలు కట్టింది వాళ్ల డబ్బుతో,
తాళంచెవి మన జేబులో వేసుకుంటే
అది మన ఇల్లయిపోతుంది," అన్నాడు ఆయ్‌విన్.
"ఉమ్మేవాడి చేతికి మైకు అందించమని
ఎవరూ పన్ను కట్టలేదు," అంది గున్‌వోర్, మా పెద్దావిడ.
ఇద్దరికీ తల ఊపాను.
జీతం తీసుకునే తల.

ఇంగా మారెట్‌నీ అడిగారు.
"నా కోసమని మూయకండి,
రేపు దానికీ నన్నే తిడతారు.
తెరిచే ఉంచితే మాత్రం నాకు చూపించకండి,"
అని కోటు బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లిపోయింది,
సాయంత్రం గాలి చదవాలి కదా.

మీట ఒకటే ఉంది.
వాతావరణానికీ డాగ్నీకీ అదే.
గడియ వెయ్యడానికి అర గడియ కూడా పట్టలేదు.
తిట్టే నోళ్లు మూతపడలేదు,
కాపలా లేని ఇంకో సందు వెతుక్కున్నాయి.
ఆల్ఫ్‌హిల్డ్‌కి ఇంకో సందు తెలియదు.

ఇప్పుడు నా పని తేలిక. ఊలు తెచ్చుకుని
మేజోడు అల్లుకుంటున్నాను, మడమ దాకా వచ్చింది.
ఇంగా మారెట్ ఈమధ్య మెట్లు ఈల వేస్తూ ఎక్కుతోంది,
అదీ చెప్పాలి.

నిన్న రాత్రి మూడింటికి ఫోను మోగింది.
వణికే గొంతు, వెనక ఎక్కడో కుక్క.
"ఆ బొమ్మలో, బండి వెనక, సగమే కనిపించే మనిషి,
మా నాన్న. బూట్లు పోల్చుకున్నాను.
రాద్దామంటే చోటు లేదమ్మా. ఎక్కడ రాయమంటారు?"

నాకూ తెలియదు.
చెప్పండి, నేను రాసుకుంటున్నానన్నాను,
కాఫీ బిల్లు వెనక.
ఒక్కో అక్షరం రెండేసి సార్లు చెప్పించుకుని
మళ్లీ చదివి వినిపించాను.
పదో పేరు.

బిల్లు డ్రాయర్‌లో పెట్టాను.
డ్రాయర్‌కి తాళం ఉంది.
వెయ్యలేదు.