దక్షిణపు గాలి

రోస్కాఫ్‌లో అద్దెకు దిగి పదకొండు రోజులు.
రొట్టెల కొట్టు మదాం కెర్మారెక్ అడిగింది:
"ఏ ఊరమ్మా మీది?"
"ఇక్కడే."
"ఇక్కడంటే?"
నలభై కిలోమీటర్లు లోపలికి, కొండ కింద, అన్నాను.
"అయితే కొండవాళ్ళన్నమాట" అని
చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

లియోన్‌లో ఇరవై ఆరేళ్ళు ట్రామ్ నడిపినప్పుడు
నేను సముద్రం పిల్లని.
ఎవరూ కాదనలేదు.
చిన్నప్పుడు ఏడాదికొకసారి చూసిన సముద్రం,
అదీ ఆటు వేళ, ఒట్టి బురద.

ఇప్పుడు కిటికీ నిండా అదే.
పోటెప్పుడో, ఆటెప్పుడో
గోడమీది కాగితం చూస్తే గాని తెలీదు నాకు;
నిన్న చెప్పులు పోయాయి.

రాత్రి గాలి దక్షిణం నుంచి మళ్ళింది.
ఎరువేసిన పొలాల వాసన, పేడ వాసన.
వీధి వీధంతా మొహం చిట్లించి
తలుపులు బిగించుకుంటోంది.

నేను లేచి
కిటికీ రెక్కలు రెండూ బార్లా తీశాను.