మూడే మూడు అలలు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో రాత్రి రెండు దాటింది.
హీటరు మీద నా తడి మేజోళ్ళు,
తెర మీద తడవని సముద్రం.

ఫ్యోర్డు మూతి దగ్గర పసుప్పచ్చ బోయా ఒకటి
నిమిషానికోసారి పన్నెండు అలల్ని కొలుస్తుంది.
అలకో బైటు, సెంటీమీటర్లలో.
మూట కట్టి సాకెట్‌లోకి వదుల్తుంది.
విలాసం లేదు, ఉభయకుశలోపరి లేదు,
ఉత్త అంకెలు.

గాలి పడుకున్న మూడు రోజులూ
తు చ తప్పకుండా వచ్చాయి.
నలభై. యాభై రెండు. ముప్ఫై ఎనిమిది.
నేను గొప్పగా కాఫీ తాగాను.

నిన్న సాయంత్రం నైరుతి గాలి లేచింది.
పన్నెండు పంపితే పద్నాలుగు దిగాయి,
కాసేపటికి ఇరవై,
అర్ధరాత్రికి ముప్ఫై ఆరు.
మూట విప్పే కోడు, నేను రాసిందే,
పొడవు సరిపోలేదని తలుపేసుకుంది.
కేబులు మార్చాను. బోయాని తిట్టాను.
బైట్ల వరస తిరగేశాను, ముందుది వెనక్కి, వెనకది ముందుకి.
అన్నీ కాయితం మీద రాసి గోడకంటించి
దూరం నుంచి చూశాను.
దూరం నుంచి కూడా అర్థం కాలేదు.

ఫోన్ మోగింది. పైలట్ పడవ హాన్నుస్.
నాలుగింటికి ఒక ట్రాలర్‌ని లోపలికి తేవాలి.
"ఏమంటోంది?" అన్నాడు.
సముద్రం అనే మాట వాడడు,
ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు అడుగుతాడు.

వచ్చింది వచ్చినట్టు చదివాను:
రెండొందల ముప్ఫై తొమ్మిది, నూట తొంభై ఒకటి, నూట ఎనభై తొమ్మిది,
రెండొందల ముప్ఫై తొమ్మిది, నూట తొంభై ఒకటి,
"ఆగు."
అవతల ఎండు మాంసం నములుతున్న చప్పుడు కూడా ఆగింది.
"నలభై ఏళ్ళుగా వింటున్నా సున్వా,
అది చెప్పిందే మళ్ళీ చెప్పదు.
మధ్యలో ఇంకెవరో మాట్లాడుతున్నారు."

మధ్యలో ఉన్నది రిలే సర్వరు.
పోయిన మంగళవారం దాన్ని సర్దింది నేనే.
ఒక చోట, ఒకే ఒక్క చోట,
బైట్లని అక్షరాలనుకుని చదవమన్నాను.
నూట ఇరవై ఏడు దాకా చదవగలదు.
ఆ పైన ఏ అల లేచినా
అర్థం కాలేదని ఒకే గుర్తు పెట్టి పంపేస్తుంది,
గుర్తుకి మూడు బైట్లు.
రెండు మీటర్లకీ అదే, మీటరున్నరకీ అదే.

పాపం, అది అబద్ధమాడలేదు.
సముద్రం నెమ్మదిగా ఉన్నన్నాళ్ళూ నిజమే చెప్పింది.
చదువు రాని చోట తల ఊపమన్నది నేను.

ఒక్క పదం కొట్టేశాను.
కిటికీ అద్దం దడదడలాడింది, అది నా వల్ల కాదు.
పన్నెండు దిగాయి.
నూట అరవై. రెండొందల పన్నెండు.
నూట నలభై ఏడు. రెండొందల ముప్ఫై.
ఏదీ ఇంకోదానిలా లేదు.

హాన్నుస్‌కి చదివి వినిపించాను, పన్నెండూ.
"ఊఁ. ఇప్పుడు అదే," అన్నాడు.
"ట్రాలర్‌ని తెల్లారేదాకా బయటే ఉండమను."
ఫోన్ పెట్టేసే లోపే
నమలడం మళ్ళీ మొదలైంది.