ఖాళీ

స్వనేతి కొండల్లో మఠం నేలమాళిగ.
చుట్టూ బంగాళాదుంపల బస్తాలు,
నడుమ భూకంపాలు రాసుకునే యంత్రం.

పైన పెలాగియా చదువుతుంది
భూమి పునాదులు ఏనాటికీ కదలవని.
కింద సూది గీస్తుంది
నిన్న రాత్రి కూడా కదిలాయని.

"రెండూ ఎలా నమ్ముతావమ్మా?"
కాగితం చుట్ట మార్చడానికొచ్చిన నోదార్.

ఆమె కిందటి చలికాలపు చుట్ట విప్పింది.
రోజూ పొద్దున ఆరింటికి సన్నటి వణుకు.
"ఇది యంత్రం తప్పు. కొట్టేద్దాం."
"గంట అది. నేనే కొట్టాను."

ఒక్క పొద్దున మాత్రం గీత లేదు.
"ఆ రోజు?"
"జ్వరం."
దుంపల మట్టి చేతులకి తుడుచుకుంటూ
కాసేపాగి అంది:
"జ్వరం కాదు.
అవతలి ఊరు కూలిన మర్నాడు.
తాడు పట్టుకునే నిలబడ్డాను."

నోదార్ పెన్సిలు తీశాడు.
ఆ ఖాళీ పక్కన
ఏమీ రాయలేదు.