పెట్రీ గారి పటం

కెనడా బడి హాలులో ఏడు పటాలుండేవి.
నాన్న చేతిలో ఒక తడిగుడ్డ, భుజాన ఒక పొడిగుడ్డ.
శనివారం మధ్యాహ్నం, పంటు అవతలి రేవుకి పోయి
ఇవతల అలికిడి లేని వేళ
నిచ్చెనేసి ఒక్కొక్కరి మొహం తుడిచేవాడు,
చంటిపిల్లల మూతి తుడిచినట్టు.

దొరల పేర్లు ఆయనకు నోరు తిరిగేవి కావు.
రైళ్లు వేయించిన మంత్రి పొగబండాయన.
పెద్ద కోర్టు జడ్జి గుడ్లగూబ.
గవర్నరు పక్కన కుర్చీ వేయించుకున్న దొరసాని
టోపీ లేని తల్లి.
ఒకాయన మీసం వెనకాల ఏటా బల్లి గుడ్లు పెట్టేది.
ప్రధానమంత్రి కావలసినవాడట ఆయన.
పిల్లలయ్యేదాకా
ఆ పటం జోలికి పోయేవాడు కాదు నాన్న.

నాకు ఇంగ్లీషు అక్షరాలు అక్కడే వచ్చాయి,
పటాల కింది ఇత్తడి రేకుల మీద.
కూడబలుక్కుని చదివి తెలుగులో చెప్పేదాన్ని:
పుట్టెను. ఎన్నికయ్యెను. ఎన్నికయ్యెను.
సర్ అనిపించుకొనెను. చనిపోయెను.
"అంతేనా? మజ్జలో ఏం తిన్నారో రాయలేదా?"

ఏడో పటం తలుపు వెనకాల.
ఎబెనెజర్ పెట్రీ. చేపల రేవులో బడిపంతులు.
పంతొమ్మిది వందల్లో ఓడెను.
నాలుగులో ఓడెను. ఎనిమిదిలో ఓడెను.
పదకొండులో గెలిచెను.
పదిహేడులో ఓడెను.
నిచ్చెన మీద గుడ్డ ఆగిపోయింది.
"మళ్లీ చదువమ్మా."
చదివాను.
"నాలుగోసారి ధరావతుకి డబ్బులెవరిచ్చారంటావు?"
రేకు మీద లేదన్నాను.
ఆ రోజు నుంచి ఆయనొక్కడే
మా నాన్నకి 'పెట్రీ గారండి'.

ఎనభై ఆరులో గోదారి గట్టు తెంచుకుని హాల్లోకొచ్చింది.
బెంచీలు తేలాయి. హార్మోనియం తడిసి ఒకటే మూలుగు.
నడుంలోతు బురదనీళ్లలో నాన్న
ఏడుగురినీ మోసుకొచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు గాని
నేను చూశాను, తెచ్చింది ఒక్కరినే,
గోనెసంచి చుట్టి, నెత్తిన పెట్టుకుని.
మిగతా ఆరుగురూ నీళ్లలోంచి కప్పు వైపు చూస్తూ
మూడు రోజులు పదవిలో ఉన్నారు.

తొంభై అయిదులో మా పేట నుంచి వార్డు మెంబరుకి నిలబడ్డాడు,
కొల్లాబత్తుల సత్యదాసు, బాల్చీ గుర్తు.
నిలబడమన్నవాళ్లు లేరు.
రైసుమిల్లు నుంచి కబురొచ్చింది,
తర్వాత సైకిలు టైర్లు రెండూ ఎవరో కోశారు.
పదకొండు ఓట్లతో పోయింది.
గెలిచినాయన ఊరేగింపులో డప్పులు కొట్టింది
మా బాబాయిలే, కూలికి.
నాన్న పెట్రీ గారి ఎదురుగా పీటేసుకుని
చద్దన్నంలో ఎండురొయ్యల పొడి కలుపుకుని తిన్నాడు,
ఒక్క మెతుకు వదలకుండా.
చెయ్యి కడుక్కుని మేకు అడిగాడు.
నా చేత చెక్కించాడు
ఇత్తడి రేకు మీద, పదిహేడు కింద.

కిందటేడు ఆ దేశం నుంచి ఒకమ్మాయి వచ్చింది,
ఏదో పరిశోధనట.
మూడు ముంజలు తిని, వేళ్లు తుడుచుకుని,
పెట్రీ గారంటే తమ దగ్గర ఎవరికీ తెలియదంది.
ఆయన పేర ఒక చెక్కవంతెన ఉండేదట,
అదీ తీసేశారట.
చెవుడు కదా, నాన్న వినలేదనుకున్నాను.
"మన లాకుల దగ్గరదీ తీసేశారు కదా,
పడవ మీద దాటటం లేదా? ఆయ్."

అమ్మాయి ఫోను దగ్గరగా పెట్టి ఫొటో తీసింది.
చివర ఆ వంకర గీతలేమిటని అడిగింది.
చదివి వినిపించాను.
తొంభై అయిదులో ఓడెను.
రెండు వేల ఒకటిలో ఓడెను.
ఆ కింద ఇంకో వరసకి చోటుంది.

నాన్నకి మొన్నటితో ఎనభై ఒకటి నిండాయి.
పంచాయతీ గోడ మీద కొత్త నోటీసు అంటించారు.
మేకు ఎక్కడ పెట్టావని
పొద్దున్నే అడిగాడు.