పద్దుకెక్కని దారం

డండీలో వాన నిలువుగా పడదు,
టే నది మీదుగా అడ్డంగా వస్తుంది.
ఆ వానలో తడిసి వచ్చింది
సెంగా పెట్రీ కొట్టుకి బ్యాంకు ఉత్తరం:
కొత్త కుట్టుమిషనుకు అప్పు ఇవ్వలేమని.

ముప్పై ఏళ్లుగా పాత సోఫాల పొట్టలు విప్పే మనిషి.
పైగుడ్డ చూసి ఏ కుర్చీనీ నమ్మదు.
తెప్పించుకున్న పరపతి నివేదికనీ
అలాగే, మేకు తర్వాత మేకు, ఊడదీసింది.

మూడో పేజీలో ఒక బాకీ:
ఆర్‌బ్రోత్‌లో ఎవరో పెట్రీ, చేపల వ్యాను వాయిదాలు.
"నాకు చేపల వాసనే పడదు," అంది గోడతో.
అభ్యంతరం రాసి, రుజువులు జతచేసింది.

ఆరో పేజీ మాత్రం తనదే.
ఫిబ్రవరి, మార్చి. స్పాంజి బిల్లు ఆలస్యం.
కుడిచెయ్యి కట్టులో ఉన్న రోజులు.
కాదనలేదు.
కారణం రెండు వాక్యాల్లో రాసి ఆపేసింది.

మళ్లీ మొదటి నుంచి వెతికింది.
దారాల ముంగో పేరు ఎక్కడా లేదు.
ఇరవై రెండేళ్లు
ప్రతి నెలా మూడో తేదీకల్లా కట్టిన డబ్బు
ఆ కాగితాల్లో ఒక్క కుట్టయినా వేయలేదు.

ఫోనులో ముంగో నవ్వాడు:
"ఎగ్గొట్టినవాళ్ల పేర్లే పంపుతాం, సెంగా.
ఇచ్చేవాళ్ల సంగతి ఎవరడిగారు?"
"నేనడుగుతున్నాను."
నవ్వు ఆగింది.
అవతల పెన్ను మూత తీసిన చప్పుడు.

అప్పు పుడుతుందో లేదో.
ఈలోగా పాత మిషను
ఊగే కాలి కిందకి
బ్యాంకు ఉత్తరం, నాలుగు మడతలు,
సరిగ్గా సరిపోయింది.