మూడో చీర

నలభై రోజులకు గది తీసుకున్నాను
పురసవాక్కంలో, బజారు వెనక సందులో,
ఇనప మెట్లెక్కితే మేడ మీద ఒంటి గది.
"పెళ్ళికొచ్చారా? ఆస్పత్రి పనా?" అంది ఇంటావిడ.
రెండూ కాదు, ఉండడానికొచ్చానన్నాను.
ఆవిడకది కారణంలా తోచలేదు,
అడ్వాన్సు రెండింతలు అడిగింది.

మొదటి వారం నాతో ఎవరికీ పని లేదు.
నీళ్ళ లారీ తెల్లారకుండానే వచ్చి పోయేది,
మెట్ల కింద నా బిందె బోర్లించినట్టే ఉండేది.
పాల కొట్లో నీలం పాకెట్టు వైపు చెయ్యి చూపిస్తే
ఆకుపచ్చది ఇచ్చాడు.
అదే అలవాటైంది.

అక్క ఫోను చేసింది.
బీచికి వెళ్ళావా?
లేదు.
కపాలి గుడికి?
ఇంకా లేదు.
మరి రోజంతా ఏం చూస్తున్నావే?
ఎదురింటమ్మాయి ముగ్గు, అన్నాను.
ఒక చుక్క తప్పు పెట్టి మొదలెడుతుంది,
లేచేసరికి ఎలాగో సరిపోతుంది.
ప్రొద్దుటూరులో అక్క
చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆమెకెలా చెప్పను,
ముప్పైయొక్క ఏళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక కూచుని
ఊళ్ళ పేర్ల మీద ముద్ర కొట్టినదాన్ని.
చెన్నై ఏడు, చెన్నై ఎనభై నాలుగు.
అంకె తెలుసు.
ఆ అంకెలో ఏ పెరట్లో మిరపకాయలు వేగుతాయో
పొద్దున పదింటికి ఎవరు దగ్గుతారో
తెలీదు.

ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఇస్త్రీ బండి.
ఏకాంబరం.
వాళ్ళమ్మది చిత్తూరు వైపట,
లెక్క అరవంలో, తిట్లు తెలుగులో.
కాయితం లేదు, గుర్తు లేదు,
ఏ బట్ట ఏ గుమ్మానిదో
అంతా ఆయన తలలోనే.
ఏడు దాటాక ఆకుకూర కొనొద్దన్నాడు.
ఇరవైతొమ్మిది ఎక్కితే ఎడమ పక్క కూచో,
ఎండ తగలదన్నాడు.
నా ఆవపువ్వు రంగు చీర కొంగు దగ్గర
బొటనవేలంత మాడ్చాడొకసారి.
డబ్బు తీసుకోలేదు.
రెండు రోజులు నా మొహం చూడలేదు.

బస్సు బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కుంటున్నాను అప్పటికి.
కండక్టరు చేతిలో పెట్టే సున్నా రూపాయల టికెట్టు
వెనకా ముందూ తిప్పి చదివేదాన్ని.
సగం మాట వచ్చేసరికి
దిగే చోటు వచ్చేది.

ఇరవైతొమ్మిదో రోజు
మందుల షాపు గోడ మీద కొత్త పోస్టరు,
పిండి ఇంకా తడిగా ఉంది.
ఈ ఊళ్ళో పోయినవాళ్ళందరికీ గోడల మీద చోటుంది,
రోజూ దాటిపోయేదాన్నే.
కోటు తొడిగిన మనిషి, వెనక నీలి కొండలు.
ఏ. కా.
తర్వాత అక్షరం.
దాని తర్వాతది.
ఎవర్నీ అడక్కుండా
చివరిదాకా చదివిన మొదటి అరవ మాట
అది.

బండి మీద పాత దుప్పటి కప్పారు.
నావి మూడు చీరలిచ్చాను, రెండొచ్చాయి.
అడగడానికి నోరు రాలేదు.

అయిదో రోజు సాయంత్రం
ఇనప మెట్ల మీద నెమ్మదిగా అడుగులు.
ఆయన భార్య పుష్పవల్లి,
చేతుల మీద గడ్డం దాకా బట్టల దొంతి.
ఏది ఎవరిదో ఆయన చెప్పి పోలేదు కదా,
గుమ్మం గుమ్మానికీ తిరిగి
మీదా, మీదా, అని అడుగుతోందట.
అన్నిటికన్నా పైన ఆవపువ్వు రంగు.
ఇది మాత్రం
అడిగిన మొదటింట్లోనే చెప్పేశారంది.
రెండో ఇంట్లో కూడా.
"మాడి మీద తెలుగమ్మది."

ఇరవై ఇచ్చాను. కొంగు ముడి విప్పి
అయిదు రూపాయల బిళ్ళ తిరిగిచ్చింది.
మంచినీళ్ళు తాగింది.
దిగుతూ దిగుతూ మూడో మెట్టు మీద ఆగి
అరవంలోనే అంది,
నాకు అర్థమవుతుందో లేదో అని చూడకుండా:
రేపు లారీ నాలుగున్నరకే వస్తుంది,
బిందె రాత్రే వరసలో పెట్టుకో.