బానెట్ మీద నీలం టేపు

వొలాంగాంగ్ ఉప్పుగాలి
రంగుని ముందు నాకి చూస్తుంది,
తరవాత కొరుకుతుంది.

అందుకే బానెట్ నడిమికి టేపు అంటించాను.
ఎడమ సగానికి కార్నాబా మైనం,
కుడి సగానికి సీలెంట్.

"కొబ్బరి వాసన రానిదీ ఒక పాలిషేనా?"
కంచె అవతల్నించి లెషెక్,
ముప్పై ఏళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డవాడు.

మైనం అరచేతి వేడికి కరిగింది.
నలుపుకి లోతొచ్చింది,
తొంగిచూస్తే కాలు జారేంత.
సీలెంట్ ఏమీ అనలేదు. అద్దంలా ఊరుకుంది.

మొదటి వానకి
రెండు పక్కలా సగ్గుబియ్యం.
టేపు పీకిన వేలెడు గీతలో మాత్రం
నీళ్లు చతికిలబడ్డాయి.

ఏడో వారానికి ఎడమ పక్కంతా ఆ గీతలో కలిసిపోయింది,
అట్లపిండిలా పరుచుకుని.
కుడి పక్క చుక్కలు ఇంకా గుండ్రంగానే,
మొండిగా.

తేదీలతో సహా రాసిన నోట్‌బుక్ చూపించాను.
లెషెక్ కళ్లజోడు వెతకనే లేదు.

ఆ రాత్రి అత్తిపళ్లు తిన్న గబ్బిలాలు
ఎవరి పక్షమూ వహించకుండా
బానెట్ నిండా ఊదారంగు రెట్టలేసి పోయాయి.

ఆదివారం అంతా కడిగి,
ఎడమ సగానికి మళ్లీ మైనమే పెట్టాను.

కుడి సగానికి
ఇప్పట్లో నా చేతితో పనిలేదు.